సున్నల బల్ల

గుడిలో పాటలు నేర్పే హబక్కూకు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చోటు చూపించేవారు. "అడిగావు కదా, కూర్చో" అనేవారు. ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఆయనే చెప్పేవారు. ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, మంచివారే గానీ కాస్త తొందర మనిషి, "మాస్టారూ, ఈ తాతలు ప్రతి చరణం చివరా ఎందుకిలా సాగదీస్తారండీ?" అని అడిగారు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ తాతల మధ్యనే కూర్చోబెట్టారు. ఒక పక్క ఉబ్బసం ఉన్న తాత, ఇంకో పక్క పళ్ళు లేని తాత. ఒకరికి ఊపిరి అందేదాకా, ఇంకొకరికి మాట తిరిగేదాకా ఆగి ఆగి, ఆ పూట అందరికంటే ఆఖరున పాట ముగించింది పాస్టరుగారే. మళ్ళీ ఆ ప్రశ్న ఆయన నోట రాలేదు. జవాబు చెప్పేవాళ్ళు లోకంలో కొల్లలుగా ఉన్నారు, దేవుడు వాళ్ళని చల్లగా చూచుగాక. ప్రశ్నను కూర్చోబెట్టగలిగినవాళ్ళే అరుదు.

ఇక ఆ గుడి సంగతి చెప్పాలి, చెప్పకపోతే తర్వాతి ముక్క ఒక్కటీ ఎక్కదు. మునగలదిన్నె గుడిలో పాట కూడిక రోజున బల్లలు ప్రసంగ వేదిక వైపు చూడవు. నాలుగు వైపులా చదరంగా వేసి, ఒకదాని ముఖం ఒకదానికి తిప్పుతారు. మధ్యలో చాప పరిచినంత జాగా. అందులో నిలబడి ఒకరు చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ పాడిస్తారు. అసలు వరస పాడేది వరస బల్ల. గొంతు పైకి లేచేవాళ్ళది పై బల్ల. తాతలదీ బొంగురు గొంతులదీ కింది బల్ల. ఈ మూడింటి సందున నలిగేది నడిమి బల్ల, అక్కడ ఎక్కువగా పెద్ద ఆడవాళ్ళు కూర్చుంటారు. నాలుగు బల్లలవాళ్ళూ నాలుగు దారుల్లో నడిచి ఒకే పాట పాడతారు. ఊరికే కూర్చుని వినేవాళ్ళకని ఆ గుడిలో బల్ల లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మనకి పనికొస్తుంది.

ఈ పద్ధతి ఎప్పుడో తాతల కాలంలో ఒక దొరసాని నేర్పి వెళ్ళింది. అక్షరం రానివాళ్ళు కూడా స్వరం చదవగలగాలని ఒక్కో స్వరానికి ఒక్కో ఆకారం పెట్టింది. మూడు మూలలది ఫా, గుండ్రంది సోల్, చదరంది లా, మొన మీద నిలబడ్డ చదరం మీ. దొరసాని పోయింది, ఆకారాలు ఉండిపోయాయి. ఊరు వాటికి తన పేర్లు పెట్టుకుంది. ఫా గుడిసె, సోల్ సున్న, లా పలక, మీ గాలిపటం. కొత్త పాట వస్తే ముందు ఆకారాలు పాడాలి, ఆ తర్వాతే మాటలు. "ఎముకలు కుదిరాకే చర్మం" అంటాడు కింది బల్ల పెద్ద మత్తయి తాత. వరసలకి పేర్లు కూడా ఉంటాయి, అయితే మనుషుల పేర్లు పెట్టరు, చోట్ల పేర్లు పెడతారు. ఉప్పుటేరు అని ఒక వరస, పాతరేవు అని ఒకటి, తుమ్మలబీడు అని ఇంకొకటి. ఆ పేరు పెట్టే హక్కు పాడినవాళ్ళది. కట్టినవాడి పేరు ఎక్కడా కనపడదు. దేవుడి ఇంటి ఇటుక మీద మేస్త్రీ పేరు చెక్కుతామా అంటారు అక్కడి పెద్దలు.

కొత్త వరసకి పరీక్ష ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం మధ్యాహ్నం. గోడకున్న బోర్డు మీద నాలుగు బల్లలకీ ఆకారాలు రాసి పాడతారు. పాడాక నాలుగు బల్లల పెద్దలూ చెయ్యెత్తి "మళ్ళీ" అనాలి. నాలుగు చేతులూ లేస్తే ఆ వరస ఊరిది. ఒక్క చెయ్యి లేవకపోయినా తడిగుడ్డతో చెరిపేస్తారు. చెరిపినదాన్ని మళ్ళీ తేకూడదు, దానికి కట్టిన మాటలు కూడా దానితోనే పోతాయి. కఠినమే. కానీ నోటికి పట్టని పాటను దేవుడి ముందుకు మోసుకుపోవడం అంతకన్నా కఠినమని వాళ్ళ ఉద్దేశం.

ఇప్పుడు ఫిలేమోను దగ్గరికి వద్దాం. అతను మాస్టారి శిష్యుడు, పట్నంలో పెళ్ళిళ్ళకీ పాటల రికార్డింగులకీ కీబోర్డు వాయిస్తాడు. చెవి బంగారం. గత రెండు మట్టల ఆదివారాలకీ రెండు వరసలు కట్టి తెచ్చాడు. వరస బల్ల మురిసిపోయింది, పై బల్ల సరేనంది, కింది బల్ల తల ఊపింది. నడిమి బల్ల పెద్ద సూసన్నమ్మ మాత్రం, "వినడానికి చాలా బాగుంది నాయనా" అని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తడిగుడ్డ వచ్చింది. రెండోసారీ అదే మాట, అదే కూర్చోవడం, అదే తడిగుడ్డ. ఫిలేమోనుకి తల తిరిగిపోయింది. బాగాలేదంటే బాగుచేసుకోవచ్చు. బాగుందని చెప్పి చెయ్యెత్తకపోతే మనిషి ఏం చేయాలి? మీరైనా ఏం చేస్తారు?

పోయిన రెండూ అతని సొంత మాటలు, పోతే పోయాయి. ఈసారి సంగతి వేరు. వానాకాలంలో అతని తల్లి తబితమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పొద్దుగూకాక పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పుతూ ఆమె రోజూ ఒక మాట అనుకునేది: "ఆరనీకు ప్రభువా, నివురు కిందైనా నిప్పుండనీ." అది ప్రార్థనో, పొయ్యితో చెప్పుకునే మాటో ఎవరికీ తెలియదు. ఆ మాటకి ఫిలేమోను వరస కట్టాడు. నాలుగు చేతులూ లేస్తే ఆమె మాట ఆ ఊరి నోట్లో ఉంటుంది. లేవకపోతే తడిగుడ్డ కింద పోతుంది.

అతని మనసులో ఇంకొకటి కూడా ఉంది. తబితమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ గుడిలో నడిమి బల్ల మీద, గోడవారగా కూర్చుని పాడిన మనిషే. కానీ ఇంట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ కూనిరాగం తీస్తే, అది ఏ పాటో పోల్చుకోవడం కష్టం. ఎక్కడో మొదలయ్యేది. రెండు మెట్లు ఎక్కేది, ఒక మెట్టు దిగేది, కట్టేసిన మేకలాగా అక్కడక్కడే తిరిగేది. ఏంటని అడిగితే ఉప్పుటేరు అనేది. కీబోర్డు కొన్న కొత్తలో కొడుకు, "అమ్మా, ఉప్పుటేరు అట్లా కాదు, ఇట్లా" అని వాయించి చూపించేవాడు. "నాకు వచ్చింది ఇంతేలే నాయనా" అని ఆమె నవ్వేది. తర్వాత్తర్వాత కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు పాడటమే మానేసింది. నోట వరస నిలవని తల్లికి ఒక చక్కని వరస కట్టి ఇవ్వాలని ఫిలేమోను కోరిక. కోరిక మంచిదే.

మట్టల ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం, ఒకసారి పాడించి చూసుకుందామని బల్లలవాళ్ళని పిలిచాడు. ఎండ కిటికీల్లోంచి సగం గుడి దాకా వచ్చి కూర్చుంది. బోర్డు నిండా అతను రాసిన ఆకారాలు. వాటిలో అతనికి అన్నిటికంటే ముద్దొచ్చేది ఒక మలుపు: "నివురు" అనే మాట దగ్గర వరస బల్ల గాలిపటం అందుకుని, అక్కడి నుంచి ఇంకా పైకి ఎగిరి, గింగిరాలు తిరిగి దిగుతుంది. దాని కోసం ఎన్ని పూటలు కూర్చున్నాడో. ముందు ఆకారాలు పాడారు, తర్వాత మాటలు పాడారు. ఆ మలుపు దగ్గర వరస బల్ల కుర్రాళ్ళు ఒళ్ళు మరిచారు. పాట అయిపోయింది. ఫిలేమోను ఎవరివైపూ చూడలేదు, నడిమి బల్ల వైపే చూశాడు.

సూసన్నమ్మ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "వినడానికి చాలా బాగుంది నాయనా" అంది.

ఫిలేమోను చేతిలోని సుద్దముక్క విరిగింది. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన కిటికీ దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "మాస్టారూ, నాకు అర్థం కావడం లేదు. బాగుందంటారు, వద్దంటారు. బాగున్నదాన్ని ఎందుకు వద్దంటారు? అసలు మంచి వరస అంటే ఏది?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని బోర్డు మీది ఆకారాలని పై నుంచి కింది దాకా చూశారు. "అడిగావు కదా, కూర్చో" అన్నారు.

ఫిలేమోను అలవాటు కొద్దీ వరస బల్ల వైపు నడిచాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చున్నదీ అక్కడే, పెద్దయ్యాక పాడిందీ అక్కడే.

"అక్కడ కాదు. సూసన్నమ్మ అవతల, గోడవారగా" అన్నారు మాస్టారు.

నడిమి బల్ల ఒక్కసారి చల్లబడింది. అది తబితమ్మ చోటు. వానాకాలం నుంచీ అక్కడ ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోలేదంతే. ఆ చోటు మీదికి రెండు సంచులూ ఒక గొడుగూ చేరాయి. సూసన్నమ్మే ముందు తేరుకుంది. సంచులు తీసి కింద పెట్టి, "జరగండమ్మా, జరగండి. వరస కట్టిన బాబు వస్తున్నాడు. మనతో కలిసి సున్నలు చుడతాడంట" అంది.

"సున్నలేంటి పెద్దమ్మా?"

"చూసుకో నాయనా, నీ చేతిరాతే. వరస బల్లకి గుడిసెలు కట్టించావు, పలకలు పంచావు, గాలిపటాలు ఎగరేయించావు. మాకేమో ఈ చివర నుంచి ఆ చివర దాకా సున్నలే. బళ్ళో కూడా నాకిన్ని సున్నలు రాలేదు."

బల్లంతా నవ్వింది. ఫిలేమోను నవ్వలేదు. "అవి ఆధారం పెద్దమ్మా. మీరు కదలకుండా నిలబడితేనే వరస పైకి లేచేది."

"నిలబడతాం. స్తంభం కూడా నిలబడుతుంది. స్తంభం నీ దగ్గరికొచ్చి మళ్ళీ నిలబడతానని ఎప్పుడైనా అడిగిందా?" అని, అతని మోకాలి మీద తట్టింది. "నువ్వు నాకు వరసకి కొడుకువి అబ్బాయ్, కాదనను. కానీ ఆ వరస వేరు, ఈ వరస వేరు. కూర్చో, కూర్చో. పాడు."

మాస్టారు మధ్యలోకి వచ్చి చెయ్యెత్తారు. పాట మొదలైంది. సోల్, సోల్, సోల్, సోల్. ఫిలేమోను తాను రాసిన సున్నలు తానే పాడుతున్నాడు. మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో కళ్ళు కిటికీ మీదికి పోయాయి. ఎదురుగా వరస బల్ల అతని వరసనే అందంగా పాడుతోంది, దాన్ని అతను పక్కింటి పెళ్ళి చూసినట్టు చూస్తున్నాడు. ఎడమ చెవిలో పై బల్ల, కుడి చెవిలో కింది బల్ల. ఇన్నేళ్ళలో ఆ మూడు బల్లలూ ఒకేసారి తన మీదికి రావడం అతను ఎరగడు. "నివురు" దగ్గరికి వచ్చేసరికి, ఎలా జరిగిందో తెలియదు, నోరు సున్నని వదిలేసింది. పలక మీదికి ఎక్కింది, గుడిసెలోకి దిగింది, చుట్టూ తిరిగి మళ్ళీ సున్నకి వచ్చింది.

సూసన్నమ్మ పాట ఆపేసింది. బల్లంతా ఆగింది. అందరూ ఆగారు.

"కట్టినవాడే తప్పాడర్రా" అన్నాడు మత్తయి తాత, కింది బల్ల మీంచి. "ఇక మనల్ని ఎవరూ ఏమీ అనటానికి లేదు."

"నేనా?" అన్నాడు ఫిలేమోను. ఊళ్ళో ఎవరు అర స్వరం తప్పినా పట్టుకునే మనిషి అతను. సిగ్గుతో లేచి నిలబడ్డాడు. "పొరపాటయింది మాస్టారూ. నేను బోర్డు దగ్గరే ఉంటాను."

"రెండుసార్లు ఒకేలా తప్పు పాడేదాకా లేవకు" అన్నారు మాస్టారు.

ఆ మాటకి అతనికి ఉన్న తెలివి కూడా పోయింది. సరిగ్గా పాడేదాకా లేవొద్దనే గురువుల్ని చూశాం. తప్పు పాడేదాకా, అదీ రెండుసార్లు ఒకేలా తప్పేదాకా లేవొద్దనే గురువు ఎక్కడున్నాడు? అయినా శిష్యుడు కనుక కూర్చున్నాడు. కావాలని తప్పు పాడదామని చూశాడు. ఆ తప్పు రాలేదు, ఇంకేదో వచ్చింది, సూసన్నమ్మ ముఖం ముడిచింది. ఇంకోసారి చూశాడు. మళ్ళీ వేరే తప్పు. "తప్పు పాడటం కూడా రాదా నాయనా నీకు" అంది సూసన్నమ్మ. ఇక లాభం లేదని, రాసింది రాసినట్టు పాడి బయటపడదామని గట్టిగా సున్ననే పట్టుకున్నాడు. "నివురు" దగ్గర నోరు దానంతట అది పలక ఎక్కింది, గుడిసె దిగింది, చుట్టూ తిరిగి సున్నకి వచ్చింది. అచ్చం మొదటిసారి లాగే.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సూసన్నమ్మ మెల్లగా అతనివైపు తిరిగింది. "ఒరే అబ్బాయ్. అది నీకెక్కడిది?"

"తెలీదు పెద్దమ్మా. నోరే పోయింది."

"అది మా బల్లది. ఉప్పుటేరులో మా బల్లది."

"ఉప్పుటేరు అట్లా ఉండదు కదా."

"ఆ ఎదుటి బల్ల మీద కూర్చుంటే ఉండదు." అని ఆమె బల్లలోని వాళ్ళ వైపు చూసింది. "మా బల్లది విడిగా పాడితే కాకి కూడా ఒప్పుకోదు నాయనా. నేను అంట్లు తోముతూ పాడుకుంటుంటే మా కోడలు వంటింటి తలుపు మూసేస్తుంది. పిచ్చిది, దానికేం తెలుసు. నా చెవుల్లో మిగతా మూడు బల్లలూ మోగుతుంటాయి."

ఫిలేమోను ఏదో అడగబోయాడు. మాస్టారు అతనివైపు చూడకుండానే చెయ్యి పైకెత్తి, "ఉప్పుటేరు" అన్నారు.

ఉప్పుటేరు ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా వచ్చు. ఫిలేమోనుకి వరస బల్లది తప్ప వేరేది రాదు, రాదనే అనుకున్నాడు. మాస్టారి చెయ్యి కిందికి దిగగానే నోట్లోంచి నడిమి బల్లది వచ్చేసింది. ఒక్క స్వరం కూడా వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. ఎక్కడో మొదలైంది. రెండు మెట్లు ఎక్కింది, ఒక మెట్టు దిగింది, అక్కడక్కడే తిరిగింది. ఆమె దిగిన ప్రతిచోటా పై బల్ల ఎక్కుతోంది. ఆమె ఆగిన ప్రతిచోటా కింది బల్ల వచ్చి అందుకుంటోంది. ఆమె అని ఎందుకు అనుకున్నాడో అతనికే తెలియదు. మిరపకాయల ఘాటు ముక్కుకి తగిలినట్టయింది. ఆఖరి చరణంలో అతని పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. సూసన్నమ్మ చూసీ చూడనట్టు, అతని వంతు కూడా తానే గట్టిగా పాడేసింది.

ఆ తర్వాత బోర్డు దగ్గరికి వెళ్ళి నడిమి బల్లకి రాసిన సున్నలు చాలావరకు చెరిపాడు. నోరు పోయిన దారినే గుడిసెలూ పలకలూ పెట్టుకుంటూ వచ్చాడు. పాడి చూస్తే "నివురు" దగ్గర వరస బల్లతో ఢీకొంది. అతను ఎన్నో పూటలు కూర్చుని ఎగరేసిన ఆ మలుపు ఈ కొత్త దారికి అడ్డం పడుతోంది. రెండూ ఒకచోట పట్టవు. ఎవరిని తప్పుకోమనాలో తెలియక అతను బోర్డు ముందు నిలబడే ఉన్నాడు, ఎండ కిటికీ దాటి గోడ ఎక్కేదాకా.

"ఇది తీసేస్తే వరసలో ఇంకేముంటుంది మాస్టారూ?" అని అడిగాడు చివరికి.

నడిమి బల్ల మాట్లాడింది. "మేమంతా జరిగితేనే కదా అబ్బాయ్ నీకు చోటొచ్చింది" అంది సూసన్నమ్మ, నేల మీది సంచి భుజానికి తగిలించుకుంటూ.

ఫిలేమోను ఆ గాలిపటాన్నీ, దాని పైన ఎగిరిన గింగిరాలనీ వేలితో చెరిపాడు. తడిగుడ్డ వాడలేదు. వరస బాగుపడిందో పాడైందో అతనికి తెలియలేదు. ఇల్లు చేరాక కీబోర్డు మీద వాయించి చూసుకుందామని వేళ్ళు పెట్టి, ఏ బల్లది వాయించాలో తేలక తీసేశాడు.

మర్నాడు మట్టల ఆదివారం. పొద్దున పిల్లలు ఊపిన ఖర్జూర మట్టలు ఇంకా గుమ్మాల్లో ఉన్నాయి. మధ్యాహ్నం బల్లలు చదరంగా పడ్డాయి. ఫిలేమోను గోడవారనే కూర్చున్నాడు, ఎవరూ కూర్చోమనలేదు. ముందు ఆకారాలు పాడారు, తర్వాత తబితమ్మ మాట పాడారు. ఆరనీకు ప్రభువా, నివురు కిందైనా నిప్పుండనీ. పాట అయిపోయింది. బాగుందని ఒక్కరూ అనలేదు.

కింది బల్ల మీద మత్తయి తాత చెయ్యి లేచింది. పై బల్ల చెయ్యి లేచింది. వరస బల్ల పెద్ద, "మాకు ఆ ఎగురుడు పోయింది, అదొక్కటే బాధ" అని గొణిగాడు. అయినా చెయ్యెత్తాడు. ఇక మిగిలింది పక్కనున్న మనిషి. సూసన్నమ్మ చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. ఫిలేమోను ఆ చేతుల్ని తప్ప ఇంకేమీ చూడలేదు. చర్మం ముడతలు పడి, ఉంగరం వేలికి బిగుసుకుపోయి, కదలకుండా ఉన్నాయి.

"పెద్దమ్మా, ఎలా ఉంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"వినడానికి ఎలా ఉందో నాకు తెలియలేదు నాయనా" అందామె. "నేను పాడుతున్నాను కదా." అని చెయ్యెత్తి, "మళ్ళీ" అంది.

మళ్ళీ పాడారు. పాడాక పేరు పెట్టాలి. ఏ చోటి పేరు పెడదామని మాస్టారు నాలుగు బల్లల్నీ అడిగారు. ఎవరో వాగు పేరు అన్నారు, ఎవరో దిబ్బ పేరు అన్నారు. తల్లి పేరు పెట్టమని అడగాలని ఫిలేమోనుకి నోటిదాకా వచ్చింది, కానీ మనుషుల పేర్లు పెట్టరు, పెట్టమని కట్టినవాడు అడగకూడదు. సూసన్నమ్మ తన పక్కన అతను కూర్చున్న జాగా మీద అరచెయ్యి ఆనించి, "గోడవార" అంది. ఎవరూ కాదనలేదు. ఆ వరస పేరు నేటికీ గోడవారే.

సాయంత్రం జనం వెళ్ళిపోయారు. రేపటి ప్రార్థనకి బల్లలు మళ్ళీ వేదిక వైపు తిప్పాలి. మాస్టారూ ఫిలేమోనూ మిగిలారు. అనుకున్నది జరిగింది, తల్లి మాట నిలిచింది. అయినా అతని ముఖంలో సంతోషం కంటే తికమకే ఎక్కువ ఉంది. ఒక బల్ల తిప్పాడు, ఇంకో బల్ల తిప్పాడు. నడిమి బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"మాస్టారూ" అన్నాడు. "మా అమ్మ ఇంట్లో పాడుకున్నది ఇదే. అప్పుడు నాకు పాటలా వినపడలేదు. ఎన్నేళ్ళు పాడుకుందో, ఆ వంటింట్లో ఒక్కతే కూర్చుని."

మాస్టారు వంగి బల్ల ఒక కొస పట్టుకున్నారు. రెండో కొస పట్టుకోమని అతనికి తల ఊపి చూపించారు.

"ఒక్కతేనా?" అన్నారు.